పని లేనివాడు సోమరి కాడు

ఈ సందేశాన్ని రేడియోలో విన్న కొందరు యౌవనస్థులు, "అయ్యగారూ, దీన్ని అచ్చులో వేయండి, మా అమ్మానాన్నలకు చదివి వినిపిస్తాం" అని అడిగారు. అందుచేత అక్కడ చెప్పిన మాటలనే మరికొంత వివరంగా మీ ముందు ఉంచుతున్నాను. ఈ దినము మనం ధ్యానించబోయే భాగం మత్తయి సువార్త 20వ అధ్యాయం, 1 నుండి 16 వచనాలు. దయచేసి మీ బైబిలు తెరచి దగ్గర పెట్టుకోండి.

వాక్యంలోకి వెళ్లక ముందు నా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకోవాలి.

మాది ఘనపూర్. మన ఓరుగల్లు ప్రాంతంలో ఆ పేరు చెబితే "ఏ ఘనపూర్?" అని అడుగుతారు. జనగామ జిల్లాలో రైలు ఆగే స్టేషన్ ఘనపూర్ ఉంది, లింగాల ఘనపూర్ ఉంది. భూపాలపల్లి జిల్లాలో ములుగు ఘనపూర్ ఉంది. నేను సేవ చేసేది స్టేషన్ ఘనపూర్ వైపు. అయితే ఈ రోజు చెప్పబోయే సంగతి ఏ ఘనపూర్‌లోనైనా ఒకటే.

మా సంఘంలో ఒక అబ్బాయి ఉన్నాడు. బీటెక్ చదివాడు. ఆరాధన ముగిసిన తర్వాత నేను గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెయ్యి కలిపేటప్పుడు, ప్రతి ఆదివారం అతణ్ణి అడిగేవాణ్ణి: "ఏం తమ్ముడూ, ఇప్పుడేం చేస్తున్నావు?" నేను ప్రేమతోనే అడిగాను. మొదటి సంవత్సరం అతడు నవ్వుతూ, "ప్రిపేర్ అవుతున్నా అయ్యగారూ" అనేవాడు. రెండవ సంవత్సరం తల దించుకొని అదే మాట అనేవాడు. మూడవ సంవత్సరం చివరి కీర్తన పాడుతుండగానే వెనుక తలుపు నుండి వెళ్లిపోయేవాడు. తర్వాత రావడమే మానేశాడు.

విశ్వాసంలో చల్లబడ్డాడనుకొని హెచ్చరించడానికి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ నాకు మంచినీళ్లు ఇచ్చి, నెమ్మదిగా ఇలా అన్నది: "వాడు దేవుని మీద అలిగి కాదయ్యగారూ. మీరు అడిగే మాటకు జవాబు లేక వస్తలేడు."

ప్రియులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పద్నాలుగు సంవత్సరాలుగా వాక్యం చెబుతున్న నేను, ఒక్క ప్రశ్నతో ఒక యౌవనస్థుణ్ణి దేవుని మందిరంలో నుండి బయటికి పంపాను. అప్పుడు నేను తెరచిన భాగమే ఈ మత్తయి 20వ అధ్యాయం.

యజమానుడు అడిగిన ప్రశ్న

ఈ ఉపమానం మీకందరికీ తెలిసినదే. ద్రాక్షతోట యజమానుడు తెల్లవారగానే కూలివారి కోసం సంతవీధికి వెళ్లాడు. మన హన్మకొండలో, జనగామలో పొద్దున్నే చౌరస్తా దగ్గర టిఫిన్ డబ్బా పట్టుకొని నిలబడే అడ్డా కూలీలను మీరు చూశారు కదా, అలాంటి చోటికే వెళ్లాడు. తొమ్మిది గంటలకు మళ్లీ వెళ్లాడు, పన్నెండింటికి వెళ్లాడు, మూడింటికి వెళ్లాడు. చివరికి సాయంత్రం అయిదు గంటలకు వెళ్లినప్పుడు కూడా కొందరు అక్కడే నిలబడి ఉన్నారు. రోజంతా పని లేకుండా ఎందుకు నిలబడ్డారని ఆయన వారిని అడిగాడు. తమను కూలికి పెట్టుకున్నవారు ఎవరూ లేరని వారు చెప్పారు.

ఇక్కడ ఆగి గమనించండి. వారి జవాబు విన్న యజమానుడు ఏమి చేశాడు? "పొద్దున్నే రాలేదేమో, సరిగ్గా అడగలేదేమో, మీలో ఏదో లోపం ఉంది" అన్నాడా? సామెతల గ్రంథం తెరచి చీమ దగ్గరికి పొమ్మన్నాడా? లేదు. వారు చెప్పినదే నిజమని నమ్మాడు. వెంటనే పని ఇచ్చాడు. నేనూ అదే ప్రశ్న అడిగాను, కాని జవాబు వినడానికి ఆగలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇక్కడ గ్రీకు మూలంలో ఉన్న ఒక మాట మీకు చెప్పాలి. పని లేక నిలబడ్డవారిని వర్ణించడానికి మత్తయి వాడిన మాట "అర్గోస్". మన భాషలో న్యాయానికి "అ" చేరిస్తే అన్యాయం అయినట్లే, గ్రీకులో "ఎర్గోన్" అంటే పని, దాని ముందు "అ" చేరితే పని లేని స్థితి. ఈ మాటకు కొన్నిచోట్ల సోమరి అనే అర్థం కూడా వస్తుంది. అయితే ఈ సందర్భంలో ఏ అర్థం సరిపోతుందో వారి జవాబే తేలుస్తున్నది. సోమరి అయితే అయిదు గంటల దాకా సంతవీధిలో నిలబడడు, మధ్యాహ్నానికే ఇంటికి పోయి పడుకుంటాడు. సాయంత్రం వరకు నిలబడ్డాడంటే, ఇంకా ఎవరైనా పిలుస్తారనే ఆశతోనే నిలబడ్డాడు.

పని లేకపోవడం వేరు, పని చేయకపోవడం వేరు. ఈ రెండింటినీ మనం ఒకటిగా కలిపేశాము.

"మరి పని చేయనివాడు తినకూడదని పౌలు రాయలేదా అయ్యగారూ?" అని ఎవరైనా అడగవచ్చు. 2 థెస్సలొనీకయులకు 3:10 మరొకసారి జాగ్రత్తగా చదవండి. అక్కడ పౌలు మాట్లాడుతున్నది పని చేయడానికి ఇష్టపడనివారిని గురించి. పని దొరకనివారిని గురించి కాదు. ఇష్టం లేనివాణ్ణి గద్దించే వాక్యాన్ని, అవకాశం లేనివాడి మీదికి విసరడం వాక్యానికీ అన్యాయమే, ఆ బిడ్డకూ అన్యాయమే.

మనవారిని పనికి ఎందుకు ఎవరూ పిలవడం లేదు?

యజమానుడిలాగా జవాబు వినాలంటే, మన ప్రాంతపు సంగతి మనకు తెలిసి ఉండాలి. మూడు కారణాలు చెబుతాను.

మొదటిది, మన చుట్టూ ఉన్న పనుల సంగతి. మన తాతల కాలంలో వరంగల్‌కు పోతే ఆజంజాహి మిల్లు ఉండేది. 1934లో నిజాం కాలంలో ప్రారంభమై, ఎన్నో వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. 2002లో అది పూర్తిగా మూతపడింది. మంగపేట మండలం కమలాపురంలోని రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. కాజీపేటకు రైల్వే కోచ్ ఫ్యాక్టరీ వస్తుందని 1980వ దశకంలో మన పెద్దలు ఎదురుచూశారు, అది పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిపోయింది. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసింది 2023 జులై 8న. అంటే నాడు ఎదురుచూసిన యువకుడికి ఈ శంకుస్థాపన నాటికి మనవలు పుట్టి ఉంటారు. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో పునాది వేశారు. కొన్ని యూనిట్లు వచ్చాయి, దేవునికి స్తోత్రం. అయితే ఎదురుచూసేవారి లెక్క దానికంటే చాలా పెద్దది.

ములుగు ఘనపూర్ వైపు వారు అడగవచ్చు: "మా చెల్పూరులో అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీ ఉంది కదా?" అవును, కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి, రెండు యూనిట్లు ఉన్నాయి. అయితే విద్యుత్ కేంద్రం కట్టేటప్పుడు వేలమంది కావాలి. కట్టిన తర్వాత నడపడానికి కొద్దిమంది చాలు. పొగగొట్టం ఇంటి ముందు కనిపిస్తుంది, ఉద్యోగం మాత్రం కనిపించదు. ఇక వ్యవసాయం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. తాతకు ఉన్న పదెకరాలు తండ్రికి మూడయ్యాయి, కొడుకుకు ఒకటయ్యింది. కోత మిషను వచ్చింది, ట్రాక్టరు వచ్చింది, కలుపు మందు వచ్చింది. పొలంలో పని దినాలు తగ్గిపోయాయి.

రెండవది, చదువు సంగతి. మనం పిల్లలకు ఏమి చెప్పి పెంచాము? "బాగా చదువుకో బిడ్డా, మాలాగా ఎండలో కష్టపడొద్దు" అన్నాము. వారు మన మాట విన్నారు. ఇప్పుడు ఏమైంది? అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో ఒక నివేదిక వెలువరించాయి. దాని ప్రకారం 2022లో మన దేశంలోని యువతలో చదవడం రాయడం రానివారిలో నిరుద్యోగం 3.4 శాతం. డిగ్రీ చదివినవారిలో 29.1 శాతం. దాదాపు తొమ్మిది రెట్లు!

దీని అర్థం చదువు వ్యర్థమని కాదు. చదువు లేనివాడు ఖాళీగా ఉంటే ఆ పూట పస్తే, కనుక ఏ పని దొరికితే ఆ పనికి పోతాడు. చదువుకున్నవాడు చదువుకు తగిన పని కోసం ఆగుతాడు, అతణ్ణి ఆగమన్నది మనమే. కాలేజీలు పెరిగినంత వేగంగా ఆ చదువుకు తగిన పనులు పెరగలేదు. పట్టా చేతికి వచ్చింది కాని, పని నేర్పినవారు లేరు. ఆడపిల్లల పరిస్థితి ఇంకా బాధాకరం. ఎమ్మెస్సీ బీఈడీ చదివి ఇంట్లో ఉన్న చెల్లెల్ని మనం నిరుద్యోగి అని కూడా అనము, "పెళ్లికి ఉంది" అంటాము. ఆమె కన్నీరు లెక్కలోకే రాదు.

మూడవది, సర్కారు కొలువు సంగతి. నీళ్లు, నిధులు, నియామకాలు అనే మూడు మాటల మీద తెలంగాణ ఉద్యమం నడిచింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ మూడవ మాట కోసం మన పిల్లలు ఎలా ఎదురుచూశారో కొన్ని లెక్కలు చూడండి.

2018లో 700 వీఆర్‌ఓ పోస్టులకు పది లక్షలమందికి పైగా దరఖాస్తు చేశారు. కాగితం తీసుకొని భాగించి చూడండి. ఒక్క పోస్టుకు 1,400 మందికి పైగా. అందరూ రాత్రింబగళ్లు చదివినా, అందరూ ఉపవాసముండి ప్రార్థించినా, ఒకరికి వస్తుంది, మిగిలినవారికి రాదు. ఆ మిగిలినవారంతా సోమరులా? ఇంకో సంగతి చూడండి. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ వీఆర్‌ఓ వ్యవస్థనే రద్దు చేసింది, ఉన్నవారిని తర్వాత వేరే శాఖల్లో సర్దింది.

గ్రూప్-1 కథ మరింత పెద్దది. తెలంగాణ వచ్చిన తర్వాత మొదటి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి దానిని రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది, జూన్ 9న మూడవసారి ప్రిలిమ్స్ రాశారు. ఒకే పరీక్ష మూడుసార్లు! ఇందులో రాసినవారి తప్పు ఎంత? ఉపాధ్యాయ పోస్టులు చూస్తే, 2017లో 8,792 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఆ తర్వాత 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ప్రకటన ఇచ్చి, పరీక్ష జరగక ముందే వెనక్కి తీసుకున్నారు. చివరికి 11,062 పోస్టులకు పరీక్ష జరిగింది 2024 జులై, ఆగస్టుల్లో. మధ్యలో దాదాపు ఏడు సంవత్సరాలు! యాకోబు రాహేలు కోసం ఏడు సంవత్సరాలు కొలువు చేశాడు, కాని లాబాను ఇంట అతనికి పనీ అన్నమూ ఉన్నాయి. మన పిల్లలకు అశోక్‌నగర్‌లో గది అద్దె, మెస్ బిల్లు, కోచింగ్ ఫీజు మాత్రమే ఉన్నాయి.

మన క్రైస్తవ సంఘాల్లో దీనికి తోడు మరొక ముడి ఉంది, దానిని దాచకుండా చెప్పుకుందాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వలేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో అందులో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వీరు బీసీ-సి కిందికి వస్తారు, దానికి రిజర్వేషన్ 1 శాతం. ఈ విషయం పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఒక సర్టిఫికెట్ కాగితం ముందు మన పిల్లలు ఎంత మానసిక సంఘర్షణ పడుతున్నారో పెద్దలు ఎరగాలి. నా సలహా ఒకటే. నీ కాగితం నిజం చెప్పాలి, అబద్ధపు కాగితం మీద నిలిచిన ఉద్యోగం ఏ రోజైనా కూలవచ్చు. పెద్దలకు కూడా ఒక మాట. ఆ బిడ్డ మోస్తున్న బరువు తెలియకుండా తీర్పు తీర్చకండి.

తమ్ముడూ, చెల్లీ, మీతో నాలుగు మాటలు

మొదటి మాట: ఎదురుచూపుకు ఒక హద్దు పెట్టుకోండి. సర్కారు ఉద్యోగానికి ప్రయత్నించడం తప్పు కాదు. కాని "వచ్చేదాకా" అనేది హద్దు కాదు. రెండు ప్రయత్నాలో, మూడు సంవత్సరాలో, మీరు మీ ఇంటివారితో కూర్చొని, ప్రార్థించి, తారీఖు రాసి పెట్టుకోండి. ఆ తారీఖు వస్తే దారి మార్చుకోవడం ఓటమి కాదు.

రెండవ మాట: చదువుతూనే ఏదో ఒక పని పట్టుకోండి. పౌలు గమలీయేలు పాదముల యొద్ద చదివిన పండితుడు. అయినా కొరింథులో డేరాలు కుట్టాడు, అపొస్తలుల కార్యములు 18:3 చూడండి. ఆ పనికి ఆయన సిగ్గుపడలేదు. గ్రామీణ యువతకు ఉచితంగా భోజనం, వసతితో పని నేర్పడానికి ప్రతి జిల్లాకు ఒకటి చొప్పున బ్యాంకులు శిక్షణ సంస్థలు నడుపుతున్నాయి. వాటిని ఆర్‌సెటీ అంటారు, మన వరంగల్ వారిది హసన్‌పర్తిలో ఉంది. కరెంటు పని, ఫ్రిజ్ రిపేరు, కుట్టు, పాడి వంటివి ఇలాంటి చోట్ల నేర్పుతారు. సొంతంగా యూనిట్ పెట్టుకోవాలంటే కేంద్రం 2008 నుండి నడిపిస్తున్న పీఎంఈజీపీ పథకం ఉంది. పల్లెల్లో సాధారణ వర్గాలకు 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు, మహిళలకు 35 శాతం సబ్సిడీ ఇస్తారు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. అయితే అప్పు అప్పేనని మరచిపోవద్దు. పని చేతికి వచ్చిన తర్వాతే అప్పు చేతిలోకి తీసుకోండి.

మూడవ మాట: ఉద్యోగం కొనవద్దు. "లోపల మనవాళ్లున్నారు, ఇంత ఇస్తే పని అయిపోతుంది" అనేవాణ్ణి నమ్మి, ఉన్న ఎకరం అమ్ముకున్న కుటుంబాలను నేను చూశాను. విదేశాల పేరుతో ఇంకా పెద్ద వల ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కంబోడియా తీసుకుపోయి, అక్కడ పాస్‌పోర్టు గుంజుకొని సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో బయటపడింది. వారిలో మన తెలంగాణ బిడ్డలూ ఉన్నారు. విదేశాలకు పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదైనవాడా కాదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. రూపాయి ఇవ్వక ముందు అది చూడండి.

నాలుగవ మాట, ఇది అన్నింటికంటె ముఖ్యమైనది: మీ విలువ హాల్‌టికెట్ నంబరులో లేదు. ఫలితాల పట్టీలో మీ నంబరు లేకపోయినా, దేవుని అరచేతిలో మీ పేరు ఉంది. బ్రతుకు మీద విసుగు పుట్టి, చనిపోవాలనే ఆలోచన వస్తే, దానిని ఒక్కరే మోయకండి. అది పాపమని భయపడి దాచుకోకండి. ఏలీయా అంతటి ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చొని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతణ్ణి తిట్టలేదు, రొట్టె పెట్టి నిద్రపుచ్చాడు. మీ పాస్టరుకు చెప్పండి, స్నేహితుడికి చెప్పండి. టెలీ-మానస్ 14416 అనే నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు నుండి ప్రభుత్వం నడుపుతున్న ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

తల్లిదండ్రులారా

మీ బాధ నాకు తెలుసు. పుస్తెలు కుదువబెట్టి చదివించారు. అయితే "పక్కింటి పిల్లగానికి వచ్చింది, నీకెందుకు రాలేదు?" అనే మాట ఇంట్లో వినిపించకుండా చూడండి. ఆ ప్రశ్నను మీ బిడ్డ రోజుకు నూరుసార్లు తనను తానే అడుగుకుంటున్నాడు. అన్నం పెట్టేటప్పుడు ఆ మాట అసలే అనవద్దు. బీటెక్ చదివినవాడు మోటారు వైండింగ్ నేర్చుకుంటానంటే "నలుగురిలో నవ్వులపాలు" అని ఆపవద్దు. మన ప్రభువు నజరేతులో వడ్లవానిగా చేతులతో పని చేశాడు. ఏ చేతి పని మనకు చిన్నతనం?

సంఘమా, నీ సంగతి ఏమిటి?

ఇప్పుడు మన తెలుగు సంఘ చరిత్రలోని ఒక గొప్ప సంగతి జ్ఞాపకం చేస్తాను. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతటా భయంకరమైన కరవు వచ్చింది. అప్పుడు ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే బాప్టిస్టు మిషనెరీ ఉన్నారు. మన పెద్దలు క్లౌ దొర అనేవారు. ఆయన ముందు సర్వే పని నేర్చినవారు. ఆకలితో చస్తున్న ప్రజలకు గంజి పోసి ఊరుకోలేదు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని తానే కాంట్రాక్టు పట్టారు. ఊళ్ల నుండి నడిచి వచ్చిన వేలాదిమందికి అక్కడ పని ఇచ్చారు, కూలి ఇచ్చారు.

ఇందులో నాకు అన్నింటికంటె నచ్చిన సంగతి వినండి. ఆ రోజుల్లో ఎంతోమంది బాప్తిస్మం కోరారు. కరవు సాయం నడుస్తున్నంతకాలం ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం విశ్వాసం వద్దు అన్నారు. సాయం ముగిసిన తర్వాత, ఇక ఇచ్చేది ఏమీ లేదని తెలిసి కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మనం ప్రతి సువార్త సభలో చెప్పుకుంటాము. దాని వెనుక ఉన్న మూడున్నర మైళ్ల కాలువను మాత్రం మరచిపోతాము. మెదక్ మహాదేవాలయం సంగతి కూడా ఇలాంటిదే. కరవు కాలంలో పోస్నెట్ దొర ఆకలిగొన్నవారికి పని కల్పిస్తూ కట్టించిన మందిరంగా మన పెద్దలు దానిని చెప్పుకుంటారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడింది.

మనం కాలువ తవ్వించలేము. మన చేతనైనది చేద్దాం. మా సంఘంలో మొదలుపెట్టినవి చెబుతాను, గొప్ప కోసం కాదు, మీరూ ఆలోచిస్తారని.

ఒకటి, మందిరం ఆదివారం తప్ప మిగిలిన రోజులు తాళం వేసి ఉండేది. ఇప్పుడు పొద్దున్న ఆరు నుండి రాత్రి తొమ్మిది వరకు తీసి ఉంచుతున్నాము. ఫ్యాను, లైటు, నాలుగు బల్లలు, రెండు దినపత్రికలు. ఏ మతం పిల్లలైనా వచ్చి చదువుకోవచ్చు. ఇంట్లో ఒకే గది ఉన్న బిడ్డకు అది ఎంత మేలో మీకు తెలుసు.

రెండు, సంఘంలో ఎవరికి ఏ పని వచ్చో ఒక నోటు పుస్తకంలో రాశాము. ఎలక్ట్రీషియన్, మేస్త్రీ, టైలరు, మెడికల్ షాపు నడిపేవారు, రైల్వేలో రిటైరైనవారు. ఒక్కొక్కరు ఒక్కొక్క యౌవనస్థుణ్ణి తన వెంట తిప్పుకొని పని నేర్పాలి, ఎంతో కొంత చేతికి ఇవ్వాలి. ఉత్తగా చేయించుకోకూడదు. పరిచర్య పేరు చెప్పి కూలి ఎగ్గొట్టడం ద్రాక్షతోట యజమానుని పద్ధతి కాదు.

మూడు, పరీక్ష ఫీజు, బస్సు చార్జీలకు లేనివారి కోసం కానుకలో కొంత పక్కన పెట్టాము. అది ఎవరికి ఇచ్చామో ట్రెజరరుకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నాలుగు, నేను ఆ ప్రశ్న మానేశాను. ఇప్పుడు గుమ్మం దగ్గర "ఏం చేస్తున్నావు?" అని అడగను. "ఎట్లున్నావు తమ్ముడూ, నావల్ల ఏమన్నా కావాల్నా?" అని అడుగుతాను.

ఉపమానం చివర యజమానుడు అయిదు గంటలకు వచ్చినవారికి కూడా ఒక దినారం ఇచ్చాడు. ఒక దినారం అంటే ఆ కాలంలో ఒక రోజు కూలి. గంట పనికి రోజు కూలి ఎందుకు? ఆ మనిషి ఇంట్లో కూడా రాత్రికి పొయ్యి వెలగాలి కదా! పొద్దున్నే పని దొరికినవారు సణిగారు. సంఘంలో ముందుగా స్థిరపడిన మనం కూడా, ఆలస్యంగా పిలుపు వచ్చినవారిని చూసి సణిగేవారి వరుసలో నిలబడకుండా జాగ్రత్తపడదాం. మనకు తెల్లవారగానే పని దొరకడం మన గొప్పతనం కాదు, యజమానుని కృప.

మా అబ్బాయి సంగతి ఏమైందని అడుగుతారేమో. నేను మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. ఈసారి వాక్యం చెప్పలేదు, క్షమించమని అడిగాను. అతడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరొక్కరే కాదయ్యగారూ, అందరూ అడుగుతరు. మీరొక్కరే మళ్లా వచ్చిన్రు" అన్నాడు. అతనికి గ్రూప్స్‌లో ఉద్యోగం రాలేదు. పొద్దున సంఘ పెద్ద ఒకరి ఎలక్ట్రికల్ షాపులో పని చేస్తున్నాడు, సాయంత్రం మందిరంలో చదువుకుంటున్నాడు. తాను పెట్టుకున్న తారీఖుకు ఇంకా ఎనిమిది నెలలు ఉంది. ఆదివారం చివరి కీర్తన అయ్యేదాకా ఉంటున్నాడు. నాకు అది చాలు.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ వారంలో మీకు తెలిసిన పని లేని ఒక్క యౌవనస్థుణ్ణి, ఒక్క యువతిని కలవండి. ఎందుకు ఖాళీగా ఉన్నావని అడగకండి. పక్కన కూర్చోండి, వినండి. మీ చేతిలో చిన్న పని ఉంటే ఇవ్వండి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, సాయంత్రం అయిదు గంటలకు కూడా సంతవీధికి వెళ్లిన నీ మనస్సును మాకు దయచేయుము. ఎదురుచూచి అలసిన మా బిడ్డలకు పనిని, ఓర్పును, నెమ్మదిని అనుగ్రహించుము. వారిని గాయపరచిన మా మాటలను క్షమించుము. నీ సంఘము తలుపులు వారికి తెరచి ఉంచుటకు మాకు సహాయము చేయుమని యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.